రాయపేట హైరోడ్డులో 126వ నంబరు ఇల్లు

మైలాపూరు లజ్ కూడలి నుంచి రాయపేట గడియార స్తంభం వైపు వెళ్లే దారి రాయపేట హైరోడ్డు. సంస్కృత కళాశాల ఉన్న దారి అంటే చాలామందికి గుర్తు. ఆ దారిలోనే 126వ నంబరు ఇల్లు ఉంది. తమిళనాడు రాజధాని నడిబొడ్డున ఉన్న ఆ ఇంటిని స్మారకంగా కాపాడుతున్నది మాత్రం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఒక రాష్ట్రం పక్క రాష్ట్రపు రాజధానిలో ఒక ఇంటిని ఎందుకు కాపాడుకుంటోందని పిల్లలు అడుగుతారు. అడగకపోతే మనమే వాళ్లచేత అడిగించాలి. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక మనిషి జీవితం మొత్తం చెప్పాలి. మన బడులు ఇక్కడ ఎందుకున్నాయో కూడా అందులోనే వస్తుంది.

ఆ మనిషి పొట్టి శ్రీరాములు. 1952 డిసెంబరు 15 రాత్రి ఆ ఇంట్లోనే ఆయన కన్నుమూశారు. ఆయన గురించి మన పిల్లలకు తెలిసింది సాధారణంగా రెండు వాక్యాలే. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహార దీక్ష చేశారు, అమరజీవి అయ్యారు. వక్తృత్వ పోటీల్లో ఈ రెండు వాక్యాలనే గొంతు పెంచి, చేతులు ఊపి ఐదు నిమిషాలు సాగదీస్తారు. 51 ఏళ్లు బతికిన మనిషికి 58 రోజులే జీవితమా? ఆ ఇంటికి పిల్లలను తీసుకెళ్లాలనుకునే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ముందుగా తెలుసుకోవలసింది మిగతా 51 ఏళ్ల సంగతే. అక్కడ వస్తువులు చూసి మురిసిపోదామంటే కుదరదు. ఎగ్మూరు మ్యూజియంలోనో, కోట మ్యూజియంలోనో ఉన్నట్టు కత్తులు, నాణేలు, పల్లకీలు ఆయన వెనక ఏముంటాయి? ఉన్నదంతా పాతికేళ్ల ముందే పంచిపెట్టేసిన మనిషి ఆయన. కథ తెలిసి వెళ్తేనే ఆ గోడలు మాట్లాడతాయి.

శ్రీరాములు పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. ఈ సంగతి చెబితే పిల్లలు ముందు నమ్మరు. జార్జి టౌన్‌లోని అణ్ణాపిళ్లై వీధిలో 1901 మార్చి 16న పుట్టారు. అప్పటికి ఆ ప్రాంతాన్ని బ్లాక్ టౌన్ అనే పిలిచేవాళ్లు. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. పూర్వీకుల ఊరు కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. అది అప్పుడు నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. కరవు ప్రాంతం నుంచి బతుకుదెరువుకు చెన్నపట్నం చేరిన వేల తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. కొత్వాల్ చావిడి చుట్టుపక్కల వీధుల్లో కోమట్ల అంగళ్లు, కన్యకా పరమేశ్వరి గుడి, తెలుగు, తమిళం కలగలిసిన బేరాలు. మన పిల్లల్లో చాలామంది తాతముత్తాతలు అడుగుపెట్టింది కూడా ఆ వీధుల్లోనే. ఇరవై ఏళ్లు వచ్చేదాకా శ్రీరాములు చదువు ఈ ఊళ్లోనే సాగింది.

తర్వాత బొంబాయి. విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చదివారు. మంచినీళ్లు ఊళ్లోకి ఎలా తేవాలి, మురుగునీళ్లు ఊరి బయటికి ఎలా పంపాలి అన్నదే ఆ చదువు. అది కాగానే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో రైల్వే ఇంజనీరు ఉద్యోగమంటే మాటలు కాదు. ఇంట్లో వాళ్లు ఎంత సంబరపడి ఉంటారో, జీతం చూసి ఎన్ని లెక్కలు వేసుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆ సంబరం నాలుగైదేళ్లు కూడా నిలవలేదు. 1920ల చివర్లో భార్య చనిపోయింది. పుట్టిన బిడ్డా దక్కలేదు. ముప్పై ఏళ్లు కూడా నిండని శ్రీరాములు ఉద్యోగం వదిలేశారు. తనకున్నది తల్లికి, అన్నదమ్ములకు ఇచ్చేసి సబర్మతిలో గాంధీ ఆశ్రమానికి వెళ్లిపోయారు. దుఃఖంలో మనుషులు కాశీకి వెళ్తారు, కొండలకు వెళ్తారు. ఈయన ఆశ్రమానికి వెళ్లారు. అక్కడ రోజూ చేయవలసిన పనుల్లో పాయిఖానాలు కడగడం ఒకటి. మురుగు కాలువల గురించి పుస్తకాల్లో చదివిన ఇంజనీరు చేత చీపురు పట్టి ఆ పని చేశారు. అటు తర్వాత ఆయన జీవితమంతా ఆ పని చేసే మనుషుల చుట్టూ తిరగడం కాకతాళీయం అని నాకు అనిపించదు.

జైళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1930లో ఉప్పు సత్యాగ్రహం. తర్వాత వ్యక్తి సత్యాగ్రహం. ఆ వెంటనే 1942 క్విట్ ఇండియా. అన్నిటిలోనూ ఉన్నారు, జైలుకు వెళ్లారు. మధ్యలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో గ్రామసేవ చేశారు. కృష్ణా జిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం నడిపిన గాంధీ ఆశ్రమంలో పనిచేశారు. 1943, 44ల్లో నెల్లూరు జిల్లాలో రాట్నం ప్రచారం చేశారు. ఇలాంటి జీవితాలు ఆ తరంలో వందలు. ఇక్కడితో ఆగితే శ్రీరాములు పేరు మనకు తెలిసేది కాదు. ఏ జిల్లా స్వాతంత్ర్య సమరయోధుల జాబితాలోనో ఒక వరుసగా మిగిలేది.

నన్నడిగితే, పిల్లలకు నిదానంగా చెప్పవలసిన భాగం నెల్లూరు. మండుటెండలో కాళ్లకు చెప్పులు లేకుండా, తలకు గొడుగు లేకుండా ఒకాయన వీధుల వెంట నడుస్తూ పోతుంటాడు. మెడలో అట్టముక్క వేలాడుతుంటుంది. దాని మీద హరిజనోద్ధరణ గురించి చేత్తో రాసిన నినాదాలు. ఎవరింట్లో అన్నం పెట్టినా, ఏ కులం వాళ్లు పెట్టినా తింటాడు. నెల్లూరు ఎండ సంగతి ఆ వైపు బంధువులున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. చూసినవాళ్లు ఆయనను పిచ్చివాడన్నారు. పెద్దింటి కుర్రాడు, రైల్వేలో ఇంజనీరుగా చేసినవాడు, అట్ట కట్టుకుని తిరగడమేమిటని నవ్వుకున్నారు. ఆయన తిరగడం మానలేదు.

నెల్లూరు మూలపేటలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. అందులోకి దళితులను రానిచ్చేవాళ్లు కాదు. 1946లో శ్రీరాములు దానికోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. అదే సంవత్సరం నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని గుళ్లన్నీ హరిజనులకు తెరవాలంటూ ఇంకో దీక్ష మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం గుమ్మంలో ఉంది, ఇప్పుడీ గొడవ ఎందుకని తోటి కాంగ్రెస్ వాళ్లు విసుక్కున్నారు. మానమంటే మానడు. చివరికి గాంధీ దాకా వెళ్లి, ఆయన చేత చెప్పిస్తే గాని దీక్ష విరమించలేదు. తర్వాత అప్పటి మద్రాసు ప్రధానమంత్రి టంగుటూరి ప్రకాశానికి గాంధీ ఉత్తరం రాస్తూ, శ్రీరాములు గట్టి పనివాడేనని, కాస్త విచిత్రమైన మనిషని తన అభిప్రాయం చెప్పారు. రెండూ నిజమే. మరుసటి ఏడాది, 1947లో, మద్రాసు శాసనసభ ఆలయ ప్రవేశ చట్టం చేసింది. ఆ చట్టం వెనుక ఎందరో ఉన్నారు. ఆ ఎందరిలో మెడలో అట్ట కట్టుకున్న ఆయన కూడా ఒకరు. 1948 దాకా ఇలాంటి దీక్షలు మూడు చేశారు. హరిజన సంక్షేమం మీద జిల్లా కలెక్టర్లు క్రమం తప్పకుండా దృష్టి పెట్టాలన్న ఉత్తర్వు కూడా ఆయన పట్టుదల వల్లే వచ్చింది.

బడి వార్షికోత్సవాల్లో, వేషధారణ పోటీల్లో శ్రీరాములు వేషం అంటే పిల్లవాణ్ని మంచం మీద పడుకోబెట్టి పూలదండ వేయడం ఆనవాయితీ. చూసిన ప్రతిసారీ నాకు మనసు ఒప్పదు. ఆ పిల్లవాడి మెడలో ఒక అట్టముక్క వేసి, చెప్పులు విప్పించి నడిపించండి. వేషం అదీ. 1952 అక్టోబరులో ఆయన దీక్షకు కూర్చుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడానికీ, ఆయన లేవకపోవడానికీ కారణం ఆ అట్టముక్కలోనే ఉంది. చూసేవాళ్లకు అది పిచ్చాయన చేసే ఇంకో దీక్ష. ఆయనకేమో కూర్చున్నాక లేవడం తెలియదు.

ఇక ఆంధ్ర రాష్ట్రం కోరిక సంగతి. అది ఆయనతో పుట్టలేదు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అప్పటికి శ్రీరాములుకు పన్నెండేళ్లు. కాంగ్రెస్ కూడా భాషల వారీగా రాష్ట్ర సంఘాలు పెట్టుకునే పద్ధతిని ఒప్పుకుంది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. శ్రీబాగ్ అంటే ఊరు కాదు, ఇల్లు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు. అదీ మైలాపూరు లజ్ ప్రాంతంలోనే. ఆంధ్ర చరిత్రలో రెండు పెద్ద ఘట్టాలు ఒకే పేటలో, రెండు తెలుగు ఇళ్లలో జరిగాయన్నమాట. ఒక ఇంట్లో ఒప్పందం, ఇంకో ఇంట్లో మరణం.

స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీ వెనక్కి తగ్గింది. అప్పుడే దేశం రెండుగా చీలి రక్తం పారింది. మళ్లీ భాషల పేరుతో గీతలు గీయడానికి పెద్దలకు భయం వేసింది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. 1948లో ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దంది. 1949లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి కలిసిన కమిటీ కాస్త మెత్తబడింది. ఆంధ్రకు అవకాశం ఉంది, కాని మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలని తేల్చింది. చిక్కంతా అక్కడే పడింది. దామెర్ల వెంకటప్ప నాయకుడు 1639లో ఇంగ్లీషువాళ్లకు ఈ తీరంలో చోటిచ్చిన నాటి నుంచి ఇది మన ఊరేనని తెలుగువాళ్ల వాదన. చెన్నపట్నం అన్న పేరే ఆయన తండ్రి చెన్నప్పది. మరి లెక్క తీస్తే ఊళ్లో ఎక్కువమంది మాట్లాడేది తమిళం. చుట్టూ ఉన్నవీ తమిళ పల్లెలే. తమిళుల తరఫున మ.పొ. శివజ్ఞానం వంటివారు నగరాన్ని వదిలేది లేదని పట్టుబట్టారు. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఇద్దరి మాటా చెప్పాలి. పక్కింటి తమిళ పిల్లాడితో రోజూ బంతాట ఆడే పిల్లకు మనం సగం కథ చెప్పి పంపితే, మిగతా సగం వాడి దగ్గర వింటుంది. అప్పుడు మన మాట మీద నమ్మకం పోతుంది.

1951 ఆగస్టులో స్వామి సీతారాం, అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి గారు, ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్ష చేపట్టారు. 35 రోజుల తర్వాత వినోబా భావే మాట మీద విరమించారు. రాష్ట్రం రాలేదు. ఏడాది తిరిగాక 1952 అక్టోబరు 19న శ్రీరాములు కూర్చున్నారు. ఆయన అడిగింది మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం.

కూర్చోవడానికి చోటు ఇచ్చినవారు బులుసు సాంబమూర్తి. ఈయన గురించి ఒక్క మాటతో సరిపెట్టడం న్యాయం కాదు. తూర్పు గోదావరి జిల్లా దుళ్ల గ్రామంలో పుట్టి, కాకినాడలో న్యాయవాదిగా బాగా సంపాదించి, స్వాతంత్ర్యోద్యమం కోసం ఆ వృత్తిని వదిలేశారు. 1923లో కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ జరగబోతుండగా ఆయన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. ఆ దుఃఖం దిగమింగుకుని సభ పనులు చూశారు. 1937 నుంచి 1942 దాకా మద్రాసు శాసనసభ స్పీకరుగా ఉన్నారు. తెలుగువాళ్లు ఆయనను మహర్షి అని పిలిచారు. 1952 నాటికి 66 ఏళ్లవారు, చేతిలో అధికారం లేదు, పెద్ద పార్టీ వెనక లేదు. తన ఇంట్లో ఒక మనిషి చచ్చిపోవచ్చని తెలిసి కూడా తలుపు తీశారు. ఆ మనిషిని పోలీసులు పట్టుకుపోవచ్చు, ఇంటి మీదికి గుంపులు రావచ్చు, చనిపోతే నింద తన మీద పడవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న ఇద్దరు మనుషులు ఆ ఇంట్లో రెండు నెలలు కలిసి ఉన్నారు. 126వ నంబరు ఇల్లు అమరజీవి ఇల్లు మాత్రమే కాదు, సాంబమూర్తి గారి ఇల్లు కూడా. పిల్లలకు ఆ పేరు చెప్పకుండా బయటికి తీసుకురావద్దు.

దీక్ష చప్పగానే మొదలైంది. మొదటి వారాల్లో పత్రికల్లో చిన్న వార్త, ఇంటి ముందు కొద్దిమంది. తిండి మానిన శరీరం మొదట కాలేయంలో నిలవ ఉన్న చక్కెరను, తర్వాత కొవ్వును, చివరికి కండరాలను కరిగించుకుని బతుకుతుంది. ఏడో తరగతి దాటిన పిల్లలకు ఈ మాట విజ్ఞానశాస్త్ర పాఠంతో కలిపి చెప్పవచ్చు. గాంధీ చేసిన దీక్షల్లో పొడవైనవి 21 రోజులవి. లాహోర్ జైల్లో జతీన్ దాస్ 63 రోజుల తర్వాత 1929లో చనిపోయారు. ఆ రెండు అంకెల మధ్య శ్రీరాములు ఎక్కడున్నారో పిల్లలే లెక్కవేసుకుంటారు. అయితే ఒక జాగ్రత్త. దీక్షను సాహసంలా, పందెంలా వర్ణించకండి. లేత మనసులు దాన్ని వేరేగా పట్టుకుంటాయి. ఆయన గురువే ఒకసారి ఆయనను ఆపించాడన్న సంగతి తప్పకుండా చెప్పండి.

డిసెంబరు మొదట్లో ప్రధాని నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాసిన ఉత్తరంలో, ఈ దీక్ష తనను కదిలించడం లేదని, దాన్ని పట్టించుకోదలచుకోలేదని తెలియజేశారు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వాన్ని ఉపవాసాలతో వంచడం ప్రారంభిస్తే అంతు ఉండదన్నది ఆ వైఖరి వెనుక ఉన్న ఆలోచన. అదీ కొట్టిపారేయదగ్గది కాదు. ఇంతలో ఆంధ్ర జిల్లాల్లో సమ్మెలు, ఊరేగింపులు పెరిగాయి. డిసెంబరు 12 నాటికి నెహ్రూ మనసు మారింది. ఆంధ్ర కోరికను ఒప్పుకోక తప్పదని రాజాజీకి మళ్లీ రాశారు. కాని ఆ ఉత్తరం రాయపేట హైరోడ్డులో మంచం మీద ఉన్న మనిషికి పనికొచ్చే ప్రకటన కాలేదు. మూడు రోజులు గడిచాయి. డిసెంబరు 15 రాత్రి, 58వ రోజున, శ్రీరాములు ప్రాణం పోయింది.

మర్నాడు అంతిమయాత్ర మౌంట్ రోడ్డు చేరేసరికి జనం వేలకు వేలయ్యారు. వార్త అందిన చోటల్లా తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. రైళ్లు ఆగాయి, స్టేషన్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. నాలుగు రోజులు. ఈ నాలుగు రోజుల ముందు ప్రకటన వచ్చి ఉంటే అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని వచ్చిన ప్రకటన మద్రాసు లేని రాష్ట్రానిది. దానికి ఆయన లేచి నిమ్మరసం తాగి ఉండేవారా? తాగి ఉండరనే నా నమ్మకం. ఆయన అడిగింది వేరు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం ముఖ్యమంత్రి. శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాయలసీమ మాట నిలబెట్టి కర్నూలును రాజధాని చేశారు. కొన్నాళ్లపాటు తాత్కాలిక రాజధానిగానైనా మద్రాసులో ఉండనివ్వమంటే కుదరలేదు. గుడారాల్లో ప్రభుత్వం నడిచింది. ఇక్కడ మద్రాసులో ఉండిపోయిన తెలుగువాళ్లు ఒక్క పొద్దులో అల్పసంఖ్యాకులయ్యారు. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, భాష మారలేదు. చుట్టూ ఉన్న గీత మారింది. అణ్ణాపిళ్లై వీధి, రాయపేట హైరోడ్డు, అంటే శ్రీరాములు పుట్టిన చోటు, పోయిన చోటు రెండూ ఆయన రాష్ట్రానికి బయటే మిగిలాయి. ఆయన పేరు పెట్టుకున్న నెల్లూరు జిల్లా గీతకు అవతల ఉంది.

ఇక్కడికి వచ్చేసరికి మా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు, అలాగైతే మనం ఇక్కడ ఎందుకున్నామని. పోయిన ఏడాది అడిగిన పాప తండ్రి కొత్వాల్ చావిడి దగ్గర మూటలు మోస్తాడు. దానికి నేను చెప్పే జవాబులో కొంత రాజ్యాంగం వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ఆంధ్ర ఏర్పడ్డాక మిగతా భాషలవాళ్లు ఊరుకుంటారా? 1953 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాల పునర్విభజన కమిషన్ వేసింది. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. 1955లో నివేదిక ఇచ్చారు. ఎంత జాగ్రత్తగా గీత గీసినా ప్రతి రాష్ట్రంలోనూ పక్క భాషవాళ్లు కొందరు మిగిలిపోతారని, వాళ్ల పిల్లల చదువుకు రక్షణ ఉండాలని వాళ్లు గుర్తించారు. 1956లో రాజ్యాంగానికి ఏడవ సవరణ జరిగింది. ఆ సవరణతోనే 350ఎ అధికరణ వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగే ఏర్పాటు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. ఆ రక్షణలను పరిశీలించే ప్రత్యేక అధికారి గురించి చెప్పే 350బి కూడా అప్పుడే వచ్చింది. మన బడులు స్థాపించుకునే హక్కు 30వ అధికరణలో ముందే ఉంది. తెలుగులో చెప్పించుకునే మాట మాత్రం 350ఎలోది. 126వ నంబరు ఇంటి నుంచి ఆంధ్ర రాష్ట్రానికి, అక్కడి నుంచి పునర్విభజన కమిషన్‌కు, అక్కడి నుంచి 350ఎకు ఒకే గొలుసు. గీతకు అవతల పడ్డవాళ్లకు రాష్ట్రం వచ్చింది. ఇవతల పడ్డ మనకు ఒక అధికరణ వచ్చింది. ఆ పాపకు నేను చెప్పింది ఇదే, ఇంకొంచెం చిన్న మాటల్లో.

రెండూ సమానమేనా అంటే కాదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మన బడులు కోర్టు మెట్లు ఎక్కిన సంగతి, పదో తరగతి పరీక్షలకు ముందు మినహాయింపు వస్తుందా రాదా అని తల్లిదండ్రులు ఎదురుచూసిన సంగతి ఈ పేజీ చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తమిళం నేర్చుకోవద్దని ఎవరూ అనడం లేదు. ఈ ఊళ్లో పుట్టి తమిళం రాని తెలుగు పిల్ల ఎక్కడుంది? తెలుగు పోకుండా తమిళం నేర్పండి అన్నదే మన మాట.

తమిళం ఊసు వచ్చింది కనుక ఇంకో పేరు. విరుదునగర్‌కు చెందిన శంకరలింగనార్. ఆయనా గాంధేయవాదే. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని, ఇంకా కొన్ని కోరికలతో 1956 జులైలో నిరాహార దీక్షకు కూర్చుని, రెండున్నర నెలల తర్వాత అక్టోబరు 13న కన్నుమూశారు. ఆ పేరు 1969లో గాని రాలేదు. శ్రీరాములు కథ చెప్పిన రోజే ఈ కథా చెప్పండి. మన పిల్లలు తమ తమిళ స్నేహితులకు శ్రీరాములు గురించి చెబితే, వాళ్లు శంకరలింగనార్ గురించి చెబుతారు. చెప్పలేకపోతే మన పిల్లలే చెబుతారు. అదీ బాగానే ఉంటుంది.

ఇక వెళ్లే సంగతి. మార్చి 16న, డిసెంబరు 15న ఆ ఇంట్లో నివాళులు అర్పిస్తారు. ఆ రోజుల్లో దండలు, ఉపన్యాసాలు ఉంటాయి గాని పిల్లలు నింపాదిగా చూడటం కష్టం. పైగా డిసెంబరు మధ్యలో అర్ధ సంవత్సర పరీక్షల హడావుడి. నవంబరులో వాన తెరిపిచ్చిన ఒక శనివారం మేలు. ముందుగా అనుమతి అడిగి పెట్టుకోండి. ఆరో తరగతి లోపు పిల్లలకు నెల్లూరు కథ చాలు, 58 రోజులు వద్దు. పైవాళ్లకు అంతా చెప్పవచ్చు. చెప్పడం మాత్రం బడిలోనే, ముందు రోజే అయిపోవాలి. ఆ దారిలో బస్సుల మోతకు అక్కడ నిలబెట్టి చెప్పే మాట వెనక వరుసకు వినబడదు. వీలైతే ఉదయం అణ్ణాపిళ్లై వీధి చూపించి ఆ తర్వాత మైలాపూరు రండి. అరగంట బస్సు ప్రయాణంలో ఒక మనిషి పుట్టుక నుంచి చావు దాకా వచ్చేస్తారు. మధ్యాహ్నానికి లజ్‌లోని నాగేశ్వరరావు పార్కులో చెట్ల కింద కూర్చుని డబ్బాలు తెరవవచ్చు. శ్రీబాగ్ గురించి అక్కడే చెప్పండి, పార్కుకు పేరిచ్చింది ఆయనే కదా.